అవ్వ పేరు మీద చీటీ

ఏ రంగంలో ఎంతమంది పని చేస్తున్నారో చెప్పే దేశం లెక్కలు పేపర్లో వచ్చినప్పుడు నేను అందరిలాగా వ్యవసాయం దగ్గర మొదలుపెట్టి చదవను. పరిశ్రమలు, వర్తకం, రవాణా, నౌకరీలు అన్నీ దాటేసి అడుగున ఉండే ఆఖరి గడి దగ్గరికి పోతాను. అక్కడ ‘పని చేయనివారు’ అని ఉంటుంది. పసిపిల్లలు, బడి పిల్లలు, మంచం పట్టిన ముసలివాళ్ళు, బిచ్చగాళ్ళు, ఇంటిపని తప్ప వేరే పని లేని ఆడవాళ్ళు, అందరూ ఆ ఒక్క గడిలో సర్దుకుని ఉంటారు. డెబ్బై ఒకటి జనాభా లెక్కల్లో మా అవ్వ కూడా రెండు వారాలు అందులో ఉంది. మా వైపు అవ్వ అంటే అమ్మ. ఆమెను ఆ గడిలో కూర్చోబెట్టింది ఎవరో కాదు, కన్నకూతుర్ని నేనే.

అప్పటికి ఆమె పదిహేనేళ్ళుగా బీడీలు చుడుతోంది. ఆ బీడీల మీద చదువుకుని టీచరునైన నేను ఆమె చీటీలో పని లేదని నా చేత్తో రాశాను. అది ఎట్లా జరిగిందో చెప్పాలంటే మా ఇంటి ముందర అర్రలోని మగ్గం గుంత దగ్గర మొదలుపెట్టాలి.

నిజామాబాద్‌లో మా వాడ ఒకప్పుడు నేతవాళ్ళ వాడ. మా తాత ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని నేసేవాడు. మా బాపు కూడా కొన్నేళ్ళు నేశాడు. మిల్లు బట్టల ముందు మా చీరలు నిలవలేదు. యాభై ఆరులో, పెద్దవాళ్ళంతా అరుగుల మీద కూర్చుని కొత్త రాష్ట్రం గురించి వాదించుకుంటున్న రోజుల్లో, బాపు మగ్గం విప్పి కొయ్యలన్నీ అటక మీదికి ఎక్కించాడు. వాళ్ళకు రాష్ట్రం మారింది, మాకు పని మారింది. బాపు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో సీజను కూలీగా చేరాడు. అవ్వ గుంత మీద చెక్కలు పరిచి, వాటి మీద చాప వేసి, బీడీలకు కూర్చుంది.

సీజను కూలీ అంటే చెరుకు ఆడే నాలుగైదు నెలలే పని. ఆ నెలల్లో బాపు బోధన్ రైలెక్కి పోయేవాడు. వచ్చేటప్పుడు ఒంటినిండా కాగిన చెరుకుపాల వాసన వేసేవాడు. మిగతా నెలలు ఇంట్లోనే. దొరికితే ఏదో చిల్లర పని, దొరకకపోతే లేదు. కానీ ఏడాది పొడుగునా ఖాకీ అంగీ మాత్రం విడిచేవాడు కాదు. నడి వానాకాలంలో ఎవరైనా “ఏం జేస్తున్నవే అన్నా?” అని అడిగితే, “ఫ్యాక్టరీల” అనేవాడు. అది అబద్ధమని నేననను. మనిషి ఇంట్లో ఉన్నా మనసు అక్కడే ఉండేది, పాపం.

అవ్వకు సీజను లేదు. సాయంత్రం తునికాకు తడిపి గోనెసంచిలో చుట్టిపెట్టేది. పొద్దున పొయ్యి పని కాగానే కాళ్ళు బార్లా చాపుకుని, ఒళ్ళో చేట పెట్టుకునేది. రేకు ముక్క ఆకు మీద పెట్టి కొలత ప్రకారం కత్తెరతో కత్తిరించడం, చిటికెడు తంబాకు వేసి చుట్టడం, దారం కట్టడం. బీడీల మూతులు మలిచే పని నాది. అట్లా తయారైన మాల్ బీడీ కార్ఖానాకు పోయేది. ఆమె చేతుల వైపు చూడకుండానే చుట్టేది. నాతో పాఠం చెప్పించుకుంటూ, పక్కింటివాళ్ళతో పోట్లాడుతూ, ఏడుస్తూ కూడా చుట్టేది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. మా ఇంట్లో ఆమె కూర్చుంటేనే పొయ్యి మీదికి కుండ ఎక్కేది.

అరవై ఒకటిలో జనాభా లెక్కలాయన మా గడపలోకి వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్ళు. అంతకుముందే ఎవరో వచ్చి తలుపు మీద జేగురు రంగుతో నంబరు వేసి పోయారు. ఈయన బడిపంతులు. చంకలో కాగితాల కట్ట, చెవి మీద పెన్సిలు. లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడి ఇంటి మొగాయన ఎవరని అడిగాడు. ఆ రోజు బాపుకు సెలవు. ఖాకీ అంగీ గుండీలు పెట్టుకుంటూ ముందుకు వచ్చాడు.

“ఏం పని చేస్తవ్?”

“ఫ్యాక్టరీల సార్. బోధన్ల.”

పంతులు రాసుకున్నాడు. “మీ ఇంటామె?”

“ఆమె ఏం జేస్తది సార్? ఇంట్లనే, ఊకె కూసుంటది.”

అవ్వ బాపు వెనక రెండు బారల దూరంలో కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. కత్తెర చప్పుడు పంతులుకు వినబడే ఉంటుంది. ఆయన తల ఎత్తలేదు. కాగితం మీద ఏదో గీత గీసి పక్కింటికి పోయాడు. కత్తెర ఆగింది.

బాపు ఆ మాట చెడ్డ బుద్ధితో అనలేదు. మా వాడలో మొగవాళ్ళంతా తమ ఆడవాళ్ళ గురించి అట్లాగే చెప్పేవాళ్ళు. పని అంటే పొద్దున ఇంట్లోంచి పోయి సాయంత్రం రావాలి. గడప దాటనిది పని ఎట్లా అవుతుంది? వాళ్ళకు తెలిసిన లెక్క అది. నాక్కూడా ఆ రోజు బాపు తప్పు చెప్పాడని అనిపించలేదు. కత్తెర ఎందుకు ఆగిందో తెలియక చూశానంతే.

అవ్వ కత్తెర చేటలో పెట్టి, చేట పక్కకు జరిపి, గోడకు ఆనుకుని కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. ఆమె చేతులు అట్లా ఖాళీగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. భయం వేసింది.

“ఏమైందే?” అన్నాడు బాపు.

“ఏం గాలే. ఊకె కూసున్న.”

మధ్యాహ్నం దాకా అట్లాగే కూర్చుంది. పక్కింటి అక్కలు ఒక్కొక్కరే వచ్చి నుదురు ముట్టి చూసి పోయారు. జ్వరం లేదు. తడిపిన ఆకు అంచులు పైకి లేస్తున్నాయి. ఆకు ఒకసారి ఎండితే చుట్టేటప్పుడు పెటపెటా చిరుగుతుంది, ఇక పొయ్యిలోకే. పొద్దు వాలేసరికి బాపు కాలుగాలిన పిల్లిలా అర్రలో తిరగడం మొదలుపెట్టాడు.

“ఆకు ఎండుతున్నది.”

“ఎండనీ.”

“రేపు కార్ఖానాల మాల్ ఇయ్యాలె గదనే.”

“ఎవరియ్యాలె? ఊకె కూసునేటోళ్ళు ఏం మాల్ ఇస్తరు?”

బాపు తనే కడివెడు నీళ్ళు తెచ్చి, గోనెసంచి తడిపి, ఆకు మీద కప్పాడు. తప్పయిందని మా బాపు నోటితో అనడు. ఆయన క్షమాపణ ఆ తడిగోనే. మర్నాడు పొద్దున అవ్వ మళ్ళీ చేట ముందుకు లాక్కుంది. ఆ సంగతి ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు. కానీ అవ్వ మరిచిపోలేదు. నాతో పదిసార్లు అంది, ఆ పంతులు ఒక్కసారి తల లేపి తనను అడిగి ఉంటే చెప్పేదాన్నని.

అసలు విచిత్రం ఏమిటంటే మా అవ్వ ఇంకో పుస్తకంలో కూడా లేదు. బీడీ కార్ఖానాలో ఒక్కో ఇంటికి ఒక కార్డు ఉండేది. ఆ కార్డు ఉంటేనే ఆకు, తంబాకు ఇస్తారు. గుమాస్తా కార్డు రాసేటప్పుడు ఇంటి పెద్ద పేరు చెప్పమంటే బాపు పేరు చెప్పారు. వాడంతా అంతే. చుట్టేది ఆడవాళ్ళు, కార్డుల మీద పేర్లు మొగుళ్ళవి, మామలవి. మామ పోయి మూడేళ్ళయినా ఆయన పేరు మీదనే ఆకు తెచ్చుకునే కోడళ్ళు ఉండేవాళ్ళు. అంటే సర్కారు లెక్కలో మా బాపు ఫ్యాక్టరీలో పని చేస్తాడు, కార్ఖానా లెక్కలో ఏడాది పొడుగునా రోజుకు వెయ్యి బీడీలు చుడతాడు. కాగితాలను నమ్మితే అంతటి కష్టజీవి నిజామాబాద్ జిల్లా మొత్తంలో ఇంకొకరు లేరు. అవ్వ మాత్రం రెండు చోట్లా ఊరికే కూర్చుంది.

నేను టీచరు ట్రైనింగు చదువుతున్న రోజుల్లో ఆ కార్డుల సంగతి బయటపడింది. ఇండ్లలో చుట్టేవాళ్ళకు కూడా చట్టం వచ్చిందనీ, చుట్టేవాళ్ళ పేరు మీదనే కార్డు ఉండాలనీ చెప్పారు. ఒక ఆఫీసరు వచ్చి కార్ఖానా వరండాలో కుర్చీ వేసుకున్నాడు. ఆయనది కృష్ణా గోదావరుల వైపు. ప్రతి మాటకూ చివర ‘అండి’ తగిలించేవాడు. రిజిస్టరులో ఉన్న పేరు పిలుస్తారు. ఆ మనిషి వచ్చి ఆయన ఎదురుగా నాలుగు బీడీలు చుట్టి చూపాలి. చుట్టలేకపోతే ఆ కార్డు రద్దు. కార్డు రద్దయితే మర్నాటి నుంచి ఆకు రాదు. ఫ్యాక్టరీ సీజను అప్పటికి అయిపోయింది కూడా. మా వాడ అంతా బిక్కచచ్చిపోయింది.

“నువ్వు చుట్టగల్గుతవా?” అని అవ్వ అడిగింది.

“పదేండ్ల సంది సూస్తనే ఉన్న. ఏమున్నది అండ్ల?” అన్నాడు బాపు. ముందు రోజు రాత్రి చేసిన అభ్యాసం చూసిన నేను నోరు మూసుకున్నాను.

ఆ రోజు వరండా చుట్టూ జాతరలా జనం. బాపు పేరు పిలిచారు. ఖాకీ అంగీ చేతులు పైకి మడుచుకుని, చేట ముందు మొనగాడిలా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. బీడీలకు కూర్చునేవాళ్ళు ఎవరూ అట్లా కూర్చోరు. మొదటి నవ్వు అక్కడే వచ్చింది. ఆకు మీద రేకు పెట్టి కత్తిరించాడు. కత్తెర ఒక దిక్కు, ఆకు ఇంకో దిక్కు పోయాయి. దోసిట్లోకి తంబాకు తీసుకున్నాడు, చిటికెడు సరిపోయేదానికి. చుట్టాడు. దారం కట్టాడు. అది బీడీ కాలేదు, కిరాణా కొట్టు పొట్లం అయింది. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నేను నవ్వలేదు. చుట్టూ అందరూ నవ్వుతుంటే బాపు చెవులు ఎర్రబడటం చూస్తూ నిలబడ్డాను. ఆయన అట్లా పదిమందిలో చిన్నబోవడం నాకు అదే మొదటిసారి.

ఆఫీసరు మాత్రం నవ్వలేదు. “ఎన్నేళ్ళ నుంచి చుడుతున్నారండి?” అని అడిగాడు.

చేతికి దెబ్బ తగిలిందని చెప్పొచ్చు. కళ్ళు కనబడటం లేదని చెప్పొచ్చు. మా ముందు ఇద్దరు అట్లాగే చెప్పారు. బాపు ఆ పొట్లాన్ని చేటలో పెట్టి లేచి నిలబడ్డాడు.

“నేనేనాడు చుట్టలే సార్. గామె చుడ్తది,” అని గుంపులో ఉన్న అవ్వను చూపించాడు. “నాది నాలుగు నెల్ల పని. కడమ నెల్లు గామె చుడితెనే తింటున్నం. కార్డు మీద నా పేరు ఎందుకున్నదో నాకెర్కలేదు.”

అవ్వను రమ్మన్నారు. కాళ్ళు చాపుకుని కూర్చుని, ఆయన నాలుగు అడిగితే చూస్తుండగానే పది చుట్టి వరసగా పేర్చింది. ఆఫీసరు కొత్త కార్డు తీసి ఈమె పేరేమిటండీ అని బాపును అడిగాడు. బాపు తడబడ్డాడు. పెండ్లయినప్పటి నుంచి ‘ఏమే’, ‘ఇగో’ తప్ప ఆయన నోట ఆమె పేరు రాలేదు. బాపు గొంతు సవరించుకునేలోపు అవ్వే చెప్పింది. ఆమె పేరు ఆమె నోటి నుంచి వినడం నాకు అదే మొదలు. ఆఫీసరుకు వినబడక మళ్ళీ చెప్పమంటే, రెండోసారి వాడంతా వినేట్టు చెప్పింది.

ఇంటికి వచ్చాక ఆ కార్డును బియ్యం కుండ కింద పెట్టింది. నాతో చదివించుకోని రోజు లేదు. “మల్లోసారి లెక్కలోళ్ళు ఒస్తే గిది సూపిస్త,” అనేది. “గీసారి ఊకె కూసున్ననని ఎవడు రాస్తడో సూస్త.”

చూసింది.

డెబ్బై ఒకటిలో ఎలక్షన్ల వల్ల లెక్కలు మార్చి నెలకు జరిగాయి. నేను అప్పటికి ఏడాదిగా మాక్లూర్ బడిలో పనిచేస్తున్నాను. రోజూ బస్సులో పోయి రావడం. లెక్కలు రాసే పని టీచర్లకే వేస్తారు గనుక నాకూ పడింది. ఉండే చోటే అని మా వాడనే ఇచ్చారు. అవ్వకు ఈ మాట చెప్పినప్పుడు ఆమె సంతోషం చూడాలి. ఇంటికి వచ్చిన వాళ్ళందరికీ “గీసారి లెక్కలు రాసేది మా బిడ్డనే” అని చెప్పింది.

మాకు రెండు రోజులు తర్ఫీదు ఇచ్చారు. ఈసారి ఒక్కో మనిషికి ఒక్కో చీటీ. ఆ మనిషి ముఖ్యంగా ఏం చేస్తాడో అడగాలి. సాగుదారా, కూలీయా, ఇంట్లో చేసే పరిశ్రమా, వేరే పనా, లేకపోతే పని చేయనివాళ్ళలోనా అన్నది తేల్చాలి. ఏడాది పొడుగునా చేసే పనైతే, పోయిన వారంలో ఒక్క రోజైనా చేశారా అని చూడాలి. నేను పరీక్షకు చదివినట్టు చదివాను. మా ఆడవాళ్ళ పని ఏదీ తప్పిపోకూడదని గట్టిగా అనుకున్నాను. నిజంగానే వాడలో ఒక్కరిని వదలలేదు. మొగవాళ్ళు “ఇంట్లనే ఉంటది” అంటే, “నువ్వుండన్నా, ఆమెను చెప్పనీ” అని గడప దాటి లోపలికి పోయి, ఒళ్ళో చేట ఉన్న ప్రతి అక్కనూ పని చేసేవాళ్ళలో రాశాను. నాకు నేనే పెద్ద న్యాయమూర్తినైనట్టు ఉండేది.

ఆఖరున మా ఇంటికి వచ్చాను. బయటి మనిషిలాగా తలుపు కొట్టి మరీ లోపలికి వచ్చాను. ఆ టెక్కు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అప్పటికి పది రోజులుగా అవ్వ కుడి బొటనవేలికి గోరుచుట్టు. వేలు వాచి నల్లబడింది. నిమ్మకాయకు బొక్క చేసి వేలికి తొడుక్కుని తిరుగుతోంది. చేట గోడకు నిలబెట్టి ఉంది. బాపు కూడా ఇంట్లోనే ఉన్నాడు. సీజను నడుస్తోంది కానీ జ్వరం వచ్చి ఎనిమిది రోజులుగా పనిలోకి పోలేదు. మంచంలో లేచి కూర్చున్నాడు.

బాపు చీటీ చకచకా రాసేశాను. అడగాల్సిందేముంది, చక్కెర ఫ్యాక్టరీ. తర్వాత అవ్వ చీటీ తీశాను. అవ్వ కొంగు సర్దుకుని, ఫొటో తీయించుకునేదానిలా నిటారుగా కూర్చుంది.

“పోయిన వారం ఏం పని చేసినవ్ అవ్వా?”

నిమ్మకాయ తొడిగిన వేలు పైకి ఎత్తింది. “గిది పెట్టుకొని ఏం జేస్త బిడ్డా? ఇంత ఒండి పెడుతున్న, గంతే.”

“ఒక్క రోజు కూడా చుట్టలేదా?”

“ఎట్ల చుడ్త?”

నా పెన్సిలు ఆగింది. మనసులో రూలు గిర్రున తిరిగింది. ఇంకెవరి ఇల్లయినా ఇంత ఆలోచించేదాన్ని కాదేమో. సొంత తల్లి గనుక రూలు తప్పి రాసిందని ఎవరైనా అంటారేమోనని భయం. ఇంటిపని అని గుర్తు పెట్టాను. ఆ గుర్తు పని చేయనివాళ్ళ గడిలోకి పోతుంది.

“ఏం రాసినవ్?” అన్నాడు బాపు. చెప్పాను.

“బీడీలు చుడ్తదని రాయి.”

“రూలు ఒప్పుకోదు బాపూ. పోయిన వారం చుట్టలే గద.”

“నేను పోయిన వారం ఫ్యాక్టరీకి పోయిన్నా? జెరమొచ్చి పండుకున్న. మరి నన్నెట్ల రాసినవ్?”

“నీది నౌకరీ బాపూ. జెరమొచ్చినా నౌకరీ ఎటు పోతది?”

“మరి ఆమెది?”

అరవై ఒకటిలో ఇదే అర్రలో “ఊకె కూసుంటది” అన్న మనిషి ఇప్పుడు అవ్వ తరఫున అడుగుతున్నాడు, నేను ఆనాటి పంతులులాగా తల వంచుకుని గీత గీస్తున్నాను. కోపం వచ్చింది. తప్పు మనదైనప్పుడు వచ్చే కోపం చాలా గట్టిగా ఉంటుంది. ఇంకా ఇండ్లు ఉన్నాయని అబద్ధం చెప్పి చీటీలు కట్టగట్టుకుని లేచాను.

గడప దాటుతుంటే వెనక బియ్యం కుండ కదిపిన చప్పుడైంది. కార్డు తీసి పట్టుకుందో, తీసినదాన్ని మళ్ళీ లోపల పెట్టేసిందో నేను తిరిగి చూడలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు చూడండి. వేలికి పుట్టిన గోరుచుట్టు దేవుడిచ్చింది, రోకటిపోటు నేనిచ్చాను.

వారం రోజులు ఇంట్లో మామూలుగానే అన్నం పెట్టింది. వాడలో మాత్రం “మా బిడ్డనే రాస్తున్నది” అనడం మానేసింది.

మా చీటీలు సరిచూసే పెద్దాయన ఒక పాత హెడ్‌మాస్టరు. రిటైరుకు దగ్గరపడ్డాడు. మా వాడ బడి వరండాలో కూర్చుని నా కట్ట ఒక్కొక్కటే తిప్పుతూ, బాగుంది బాగుంది అంటూ, మా ఇంటి దగ్గర ఆగాడు.

“వాడంత బీడీలు రాసినవు. గీ ఒక్కామె ఏందమ్మా?”

“మా అవ్వ సార్,” అన్నాను. నిమ్మకాయ సంగతి, వారం సంగతి చెప్పాను. చెబుతూ కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, తర్ఫీదులో ఇచ్చిన చిన్న పుస్తకం అడిగాడు. నేను కంఠతా పట్టిన పుస్తకమే. ఒక పేజీ తీసి వేలు పెట్టి చూపించాడు. ఎప్పుడూ చేసే పని ఉన్నవాళ్ళు జబ్బుతోనో, సెలవుతోనో ఆ వారం చేయకపోయినా పని చేసేవాళ్ళ కిందికే వస్తారు. నేను అది చదివాను. చదివినప్పుడు నా కళ్ళ ముందు బాపు లాంటి నౌకరీ మనుషులే ఉన్నారు. చేట ముందు కూర్చున్న మనిషికి కూడా జబ్బు సెలవు ఉంటుందని నాకు తట్టలేదు. అరవై ఒకటిలో మా మొగవాళ్ళ లెక్క ఏదో నా లెక్కా అదే, నాది కాస్త చదువుకున్న లెక్క, అంతే.

“ఏడ్వకు,” అన్నాడు ఆయన. “నెల మొదట్ల మల్ల ఇల్లిల్లు తిరుగుతవు గద. అప్పుడు దిద్ది నీ సంతకం పెట్టు. మీ అవ్వను మాత్రం సరిగ్గ అడుగు.”

ఏప్రిల్ మొదటి రోజుల్లో మరో చుట్టు తిరగాలి. మధ్యలో ఎవరైనా పుట్టారా, పోయారా అని సరిచూసుకోవడానికి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చ గెలిచి ఇంట ఓడినదాన్ని, అందుకని ఈసారి మొట్టమొదట మా ఇంటికే వచ్చాను. తలుపు కొట్టలేదు. అవ్వ వేలు మానింది. పాత గోరు ఊడిపోయింది. మళ్ళీ చేట ముందు కూర్చుని, ఆ వేలు తగలకుండా మెల్లగా చుడుతోంది. నేను ఎదురుగా చాప మీద కూర్చున్నాను.

“అవ్వా, నేను తప్పు రాసిన. దిద్దాలె.”

ఆమె చేతులు ఆగలేదు. “మరి మొదట్నుంచి అడుగు. ఆయినెను గాదు, నన్నడుగు.”

పేరు అడిగాను. చెప్పింది. వయసు అడిగాను. మగ్గం విప్పిన ఏడాది నుంచి వెనక్కి లెక్కబెట్టి చెప్పింది. ఏం పని చేస్తవ్ అని అడిగాను. మంచం మీద ఉన్న బాపు నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు.

అవ్వ లేచి లోపలికి పోయి, బియ్యం కుండ కింద నుంచి కార్డు తెచ్చి నా చీటీల కట్ట మీద పెట్టింది. “బీడీలు చుడ్త. మగ్గం ఇప్పినప్పటి సంది చుడ్త. ఇంటిపని గూడ జేస్త. రెండు రాయి.”

“ముందు ఏది రాయాలె?”

“బువ్వ ఏదాన్తోని ఒస్తున్నదో గదే ముందు రాయి.”

పాత గుర్తు కొట్టేసి, ఇంట్లో చేసే పరిశ్రమ అని, దాని పక్కన బీడీలు అని రాశాను. పక్కన సంతకం పెట్టాను. “అవ్వా, నన్ను క్షమించు” అని కూడా అన్నాను. మా ఇంట్లో అట్లాంటి మాటలు ఎవరూ అనరు. అవ్వ విననట్టే చీటీ వైపు వంగింది.

“ఏడ రాసినవ్? సూపియ్యి.”

చూపించాను. ఆమెకు చదువు రాదు. చాలాసేపు చూసింది. తర్వాత కుడి బొటనవేలు తెచ్చి ఆ గడి మీద పెట్టింది. వేలి కింద గడి మొత్తం కనబడకుండా పోయింది.

“పదిహేనేండ్లు,” అంది. “గింత జాగల పట్టిందా బిడ్డా?”

బాపు గోడ వైపు తిరిగాడు.

“పోనీ తియ్,” అని అవ్వ వేలు తీసింది. “గింతనన్న ఉన్న గద.”

ఆ వేలికి కొత్త గోరు అప్పుడప్పుడే మొలుస్తోంది. ఆ వేలితోనే ఆకు తీసుకుంది.